ఖాళీ బెంచీల ముందు నవ్వు

ఫోర్ట్ లీ, న్యూజెర్సీ
6 ఫిబ్రవరి 1972

ఎమ్లిన్ బాబాయ్‌కి,

ఫోను చేద్దామంటే నీకు వినపడదు, నాన్నకేమో ఫోనే లేదు. ఉత్తరమే గతి.

క్రిస్మస్‌కి పంపిన ఊలు మఫ్లరు అందింది. అల్లింది నువ్వేనని చూడగానే తెలిసింది, ఒక కొస ఇంకో కొస కన్నా జానెడు వెడల్పుంది. అయినా రోజూ చుట్టుకునే వెళ్తున్నాను. మా గిడ్డంగిలో చలి అలాంటిది.

నా ఉద్యోగం గురించి ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఊళ్లో అందరికీ "సినిమాల్లో పనిచేస్తోంది" అనే చెప్తావట. సినిమాల్లో కాదు బాబాయ్, సినిమాల శవాల గదిలో. టీవీలు రాకముందు హాళ్లలో వేసిన న్యూస్‌రీళ్లన్నీ తుప్పు డబ్బాల్లో ఇక్కడికి చేరాయి. పాత రకం ఫిల్ము, పెట్రోలు కన్నా ముందు అంటుకుంటుంది. మూత తియ్యాలి, వాసన చూడాలి. కాస్త పులిసిన వాసనైతే కాపీ తీయొచ్చు. ముక్కు మండి, రీలు పాకంలా కారుతుంటే నీళ్ల పీపాలో వేసి తగలెయ్యడానికి పంపాలి. ఏప్రిల్ ఆఖరుకల్లా గిడ్డంగి ఖాళీ చెయ్యమన్నారు.

మొన్న గురువారం ఒక డబ్బా చేతికొచ్చింది. మూత మీద పెయింటుతో "బ్లాక్ క్రీక్, పెన్సిల్వేనియా. బేస్‌బాల్. ఆగస్టు 1936" అని ఉంది. వాసన కూడా చూడకుండా బల్ల కిందకి తోసేశాను.

ఆ బొమ్మ నేను ఒక్కసారే చూశాను. తొమ్మిదేళ్లప్పుడు, ప్యాలెస్ హాల్లో, శనివారం ఆటకి. "గత పదేళ్ల విశేషాలు" అని పాత ముక్కలన్నీ కలిపి వేశారు. మన గని జట్టు. బంతి విసిరే పిచరు నాన్న, బ్యాటు వెనక కూర్చుని పట్టే క్యాచరు నువ్వు. బ్యాటు పట్టుకుని ఓక్ ఫెర్రీ జట్టు కుర్రాడు టామ్ కెర్విన్. నాన్న బంతి వేశాడు, అది టామ్ కణతకి తగిలింది, టామ్ కూలిపోయాడు. వెంటనే తెర నిండా నాన్న మొహం. నవ్వుతున్నాడు. పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. వెనక నుంచి గొంతు: "ఇది నవ్వే సమయమా, మిస్టర్ వోయ్‌నార్? ఆ యువకుడు రెండు రోజులకి ఆసుపత్రిలో కన్నుమూశాడు." హాల్లో అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

ఇంటికొచ్చి అడిగాను, "ఎందుకు నవ్వావు నాన్నా?" అని. ఆయన గని బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు. జవాబూ చెప్పలేదు. ఏడాది తిరక్కుండా అమ్మ నన్ను తీసుకుని ఊరు వదిలేసింది. ఇరవై ఆరేళ్లుగా నేను పండక్కీ పబ్బానికీ వచ్చినా ఆయన స్టవ్వుతో మాట్లాడతాడు, నాతో మాట్లాడడు.

డబ్బా తెరవాలా వద్దా చెప్పు. నన్ను చర్చిలో ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించినవాడివి, నాకింకెవరున్నారు అడగడానికి? ఆయన ఊపిరి ఎలా ఉంది?

నీ ఇరేనా


బ్లాక్ క్రీక్
15 ఫిబ్రవరి

తల్లీ ఇరేనా,

మఫ్లరుకి వంక పెట్టావు కాబట్టి వచ్చే క్రిస్మస్‌కి ఒంటి చేతి స్వెటరు అల్లి పంపిస్తాను, కాచుకో.

మీ నాన్న మెట్లెక్కడం మానేశాడు. మంచం వంటింట్లోకి దింపాం. నర్సమ్మ ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పెట్టి, స్టవ్వు వెలిగిస్తే ఇల్లు లేచిపోతుందని అరిచి వెళ్లింది. దాంతో నీ సవతి తమ్ముడు ఆ స్టవ్వు చల్లారింది, ఇప్పుడు మాట్లాడటానికి నేనొక్కణ్నే మిగిలాను. నాలుగింటికి వెళ్తాను. చెకర్స్ ఆడతాం. నేను కళ్లజోడు తుడుచుకునే లోపల నా బిళ్లలు రెండు మాయం. నలభై రెండేళ్లు బొగ్గు దుమ్ము మింగినవాడికి ఛాతీలో చోటు లేదు గాని దొంగాటకి మాత్రం ఓపికుంది. డాక్టరు వేసవి దాకా అన్నాడు. నాకైతే ఈస్టరు అనిపిస్తోంది. నీ దగ్గర దాచి ఏం లాభం.

డబ్బా జోలికి పోకు. ఏముంటుంది దాంట్లో? ఒకడు బంతి వేశాడు, ఒకడు పడ్డాడు. విచారణలో బంతి చెయ్యి జారిందని రాసుకున్నారు, అక్కడితో సరి. మీ నాన్న ఆ బొమ్మ ఇంతవరకూ చూడలేదు తెలుసా? ఊరంతా చూసింది, ఆయన తప్ప. ఆ ఆగస్టు నుంచి ప్యాలెస్ హాలు ఉన్న వీధిలోనే నడవలేదు. ఏటా ఆగస్టులో టామ్ తల్లికి ఉత్తరం రాస్తాడు. ఏటా విప్పకుండానే తిరిగొస్తుంది. షూ డబ్బాలో ముప్పై అయిదున్నాయి.

పోయిన వారం బిళ్ల జరుపుతూ జరుపుతూ ఆగి, "నేను పోయేలోపు ఒక్కటి తెలిస్తే చాలురా ఎమ్లిన్. నేనెందుకు నవ్వానా అని" అన్నాడు. చూశావా, ఇంకా అదే. నువ్వు మళ్లీ గోకితే పుండు రేగుతుంది తప్ప మానదు. పైగా ఆ ఫిల్ము పేలితే నీ చెయ్యి పోతుంది. తగలెయ్యమని పంపెయ్, తల్లీ.

మీ బాబాయ్
ఎమ్లిన్ ప్రైస్


ఫోర్ట్ లీ
27 ఫిబ్రవరి

బాబాయ్,

నీ మాట వినలేదు. వినుంటే బతికినన్నాళ్లూ ఏడ్చేదాన్ని.

"నేనెందుకు నవ్వాను" అని ఆయన అడిగాడని రాశావు చూడు, అది చదివాక ఆగలేకపోయాను. డబ్బా తెరిచాను. సగం రీలు బంక అయిపోయింది, సగం బాగుంది. హాళ్లలో వేసిన ముక్క కాదు ఇది, కెమెరాలోంచి తీసిన అసలు ఫిల్ము, కత్తెర పడకముందుది. దీపం మీద పరిచి భూతద్దం పెట్టి ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయాను.

నాన్న నవ్వే బొమ్మ దొరికింది. నువ్వు కూర్చునే చదువుతున్నావా? ఆయన వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయి! ఒక్క పురుగు లేదు. మూడు వేల మంది కిక్కిరిసిన ఆట అది, పందొమ్మిది ఆటలు వరసగా గెలిచారని గనికి సెలవిచ్చారని నువ్వే చెప్పేవాడివి. టామ్ పడ్డప్పటి బొమ్మల్లో జనం గోడల మీద కూడా ఉన్నారు. నవ్వే బొమ్మలో నీడలు కాళ్ల కిందే ఉన్నాయి, చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. హాళ్లకి పంపిన కాపీలో వెనకదంతా నలుపైపోయింది కాబట్టి ఎవడికీ తెలియలేదు.

ఇలా చేసేవాళ్లు బాబాయ్, ఇక్కడ పనిచేస్తే నీకూ తెలిసేది. ఆటకి ముందే ఆటగాళ్లని నిలబెట్టి నవ్వు ఒకటి, చెయ్యి ఊపడం ఒకటి, టోపీ ఎత్తడం ఒకటి తీసి పెట్టుకుంటారు. న్యూయార్కులో కత్తెర పట్టుకున్నవాడు ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ అతికిస్తాడు. గురువారానికి రీలు హాళ్లకి వెళ్లాలి, వాడికి బ్లాక్ క్రీక్ ఎక్కడుందో తెలియదు, నాన్న ఎవరో తెలియదు. టామ్ పడ్డాక పిచరు మొహం కావాలి. చేతికి అందిన మొహం ఇదొక్కటే. అతికించాడు, మరిచిపోయి భోజనానికి వెళ్లుంటాడు.

డబ్బా అడుగున కెమెరామన్ రాసిన కాగితం కూడా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మూడో షాటు. ఒంటిగంటంబావు, ఆట మొదలవకముందు. పిచరు వోయ్‌నార్, దగ్గరగా. సిగ్గరి. మూడుసార్లు అడిగినా నవ్వలేదు. ఇంట్లో ఆరు వారాల పాప ఉందని పక్కనున్న ఆటగాడొకడు చెప్పాడు. పాప పేరేంటని అడిగాను. నవ్వాడు. బాగా వచ్చింది."

ఆ పాపని నేనే కదా. నన్ను తలుచుకుని నవ్విన నవ్వు అది. దాన్ని పట్టుకుని నేనే ఆయన్ని నిలదీశాను.

మూడు ఫోటోలు తీయించి ఈ కవరులో పెట్టాను. ఒకటి ఖాళీ బెంచీల ముందు నాన్న. ఒకటి ఆ కాగితం. మూడోది బాగుందని పంపుతున్నాను: టామ్ బంతి ఎదుర్కోడానికి వస్తూ బ్యాటుతో నీ కాలి కవచం మీద తడుతున్నాడు, నువ్వు మొహానికి పెట్టుకున్న ఇనప ముసుగు నెత్తి మీదకి ఎత్తి పగలబడి నవ్వుతున్నావు. ఇద్దరూ పొరుగింటి పిల్లల్లా ఉన్నారు. ఏమన్నాడేంటి అంత నవ్వొచ్చేలా?

ఇవాళే తీసుకెళ్లి చూపించు. నేనే రావాలి నిజానికి. కానీ ఆ ప్రశ్న అడిగింది నేను, జవాబు పట్టుకుని ఎదురుగా నిలబడే మొహం నాకు లేదు. ఆయన చూశాక ఒక్క ముక్క రాయి. ఈస్టరుకి వస్తాను, వచ్చి ఆయన పక్కన కూర్చుంటాను.

ఇరేనా


బ్లాక్ క్రీక్
6 మార్చి

తల్లీ,

కవరు అందింది. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. మీ నాన్న ఎక్కువసేపు నిద్రలోనే ఉంటున్నాడు. ఉద్రేకపడే సంగతులు చెప్పొద్దని డాక్టరు గట్టిగా అన్నాడు. కాస్త తేరుకున్న రోజు చూసి చూపిస్తాను. తొందరపడకు.

టామ్ ఏమన్నాడో నాకు గుర్తులేదు. ముప్పై ఆరేళ్లు, ఎవడికి గుర్తుంటుంది.

ఆ డబ్బాలో మిగిలిన ఫిల్ము తగలేశారా, లేదా?

ఎమ్లిన్


ఫోర్ట్ లీ
14 మార్చి

బాబాయ్,

కవరు నీకు చేరి రెండు వారాలవుతోంది. ఉద్రేకమేంటి? నాన్నకి, నువ్వు నవ్వలేదు స్టాష్ అని చెప్పడం ఉద్రేకమా? మనిషి కళ్లు తెరిచిన అయిదు నిమిషాలు చాలు. ఫోటో మంచం మీద పెట్టు, చాలు.

ఫిల్ము తగలేశారా అని అడిగావు. ఏప్రిల్ మొదటి వారంలో పోతుంది. అందుకే మిగిలిన బొమ్మలన్నీ మళ్లీ చూశాను. ఇది అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

కెమెరా మైదానం పక్క నుంచి, మొదటి బేసు దగ్గర ఉంది. నువ్వూ టామూ చక్కగా కనపడతారు. నాన్న చేతిలోంచి బంతి ఇంకా బయటికి రాలేదు. చెయ్యి వెనకే ఉంది. అప్పటికే నువ్వు సగం లేచి, గ్లవ్వు టామ్ చెవి పక్కన పెట్టి ఉన్నావు. పదకొండు బొమ్మల్లో అది అక్కడే ఉంది, కదల్లేదు. బంతి వచ్చాక లేస్తే వేరు. రాకముందే లేచావు.

విచారణలో ఆ బంతి దూరంగా, కిందకి వెయ్యమని నువ్వు సైగ చేశానన్నావు. పాత పేపర్లో చదివాను. క్యాచరు గ్లవ్వు ఎక్కడ పెడితే పిచరు అక్కడికే వేస్తాడని చిన్నప్పుడు వాకిట్లో నాకు నేర్పింది నువ్వే.

నేను తప్పు చూస్తున్నానేమో. భూతద్దంలో ఏవేవో కనిపిస్తాయి. కాదని ఒక్క మాట రాయి, నమ్ముతాను. అంతకన్నా ముందు ఆ ఫోటో ఆయనకి చూపించు.

ఇరేనా


బ్లాక్ క్రీక్
30 మార్చి

ఇరేనా,

పోయిన వారం, బుధవారం, శ్మశానంలో నా చెయ్యి పట్టుకుని "చూశాడా బాబాయ్?" అని అడిగావు. నేను తలూపాను. "నవ్వాడా?" అన్నావు. దానికీ తలూపాను. నువ్వు నా భుజం మీద పడి ఏడ్చి, నాకు ముద్దు పెట్టి బస్సెక్కావు.

ఆయన చూడలేదు. నీ కవరు మార్చి ఒకటో తారీఖున నాకు చేరింది. మా వంటింటి సొరుగులో, చెంచాల కింద పెట్టాను. మీ నాన్న పంతొమ్మిదో తారీఖు ఆదివారం పొద్దున పోయాడు. ఆ పద్దెనిమిది రోజులూ నాలుగింటికి వెళ్లాను, చెకర్స్ ఆడాను, తిరిగొచ్చి ఆ సొరుగులోంచే చెంచా తీసుకుని సూపు తాగాను.

నీ కళ్లు తప్పు చూడలేదు. మూడో ఇన్నింగ్సులో టామ్ పరుగు కోసం జారుకుంటూ నా మీదికి వచ్చి బూటు మేకులతో నా తొడ చీరేశాడు. ఆరో ఇన్నింగ్సులో వాడు మళ్లీ బ్యాటుకి వచ్చాడు. నేను చెవి ముట్టుకున్నాను. మా ఇద్దరికీ అది సైగ: తల దగ్గరికి వెయ్యి, బెదిరించు అని. మీ నాన్న తల అడ్డంగా ఊపాడు. నేను మళ్లీ ముట్టుకున్నాను. ఆయన మళ్లీ ఊపాడు. మూడోసారి ముట్టుకుని లేచి గ్లవ్వు పెట్టాను. అప్పుడు వేశాడు. చంపాలని కాదు ఇరేనా, వాడు బురదలో పడితే చాలనుకున్నాను.

విచారణకి ముందు మీ నాన్నే నా దగ్గరికొచ్చాడు. "ఇద్దరం మునగడం ఎందుకు? చెయ్యి జారిందని చెప్తాను" అన్నాడు. అంతకు రెండేళ్ల ముందు గనిలో కప్పు కూలితే ఆయన్ని నేను బయటికి లాగాను. అది మనసులో పెట్టుకున్నాడు. జారిందని చెప్పాడు, వదిలేశారు. చెయ్యి జారితే జనం క్షమిస్తారు. వారం తిరక్కుండా ఆ రీలు వచ్చింది. చెయ్యి జారినవాడు నవ్వడు కదా. దాంతో మీ నాన్న హంతకుడయ్యాడు.

ఆ కెమెరావాడితో ఇంట్లో పాప ఉందని చెప్పిన ఆటగాణ్ని నేనే. పక్కనే నిలబడ్డాను. ప్యాలెస్ హాల్లో ఆ నవ్వు తెర మీద పడగానే అది ఎప్పటి నవ్వో నాకు తెలిసిపోయింది. మూడుసార్లు వెళ్లి చూశాను. లేచి "అది ఆటకి ముందుది" అంటే, పేపరువాళ్లొస్తారు, విచారణ మళ్లీ మొదలవుతుంది, ఆ రోజు గ్లవ్వు ఎక్కడుందని అడుగుతారు. అందుకని కూర్చుండిపోయాను. అప్పట్నుంచీ కూర్చునే ఉన్నాను.

దీంతో పాటు ఉన్న కాగితం మీ నాన్న నీకు రాసింది. పోస్టు చెయ్యమని నా చేతికిచ్చాడు. నేను విప్పి చదివాను, అందుకే వెయ్యలేదు. చదివితే నీకే తెలుస్తుంది.

ఎమ్లిన్ ప్రైస్


(కవరులో ఉన్న కాగితం)

బ్లాక్ క్రీక్
15 మార్చి

ఇరేనా,

నా చేత్తో నీకు రాయడం ఇదే మొదటిసారి. ఎమ్లిన్ పోస్టు చేస్తానన్నాడు.

నీకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మాట అడిగావు. నేను పలకలేదు. నీ మీద కోపం కాదు, జవాబు తెలియలేదు. నవ్వినట్టు నాకు గుర్తులేదు. ఆ అబ్బాయి పడగానే పరిగెత్తాను. పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను. వాడి చెవిలోంచి రక్తం కారుతోంది, నా టోపీ అడ్డం పెట్టాను. అంతే గుర్తుంది.

కానీ అందరూ చూశారు. నాకు ఆ బొమ్మ చూసే ధైర్యం లేకపోయింది. ఒకసారి ఎమ్లిన్‌ని అడిగాను, నిజంగా నవ్వానా అని. నవ్వావు స్టాష్, అన్నాడు. ఎమ్లిన్ నాతో అబద్ధమాడడు. కాబట్టి నవ్వే ఉంటాను. ఎందుకో ఇన్నేళ్లు వెతికినా నాకు దొరకలేదు. నాలో ఏదో చెడ్డది ఉండి ఉంటుంది. అది నీకు అంటకూడదనే నీతో మాట్లాడటం తగ్గించాను.

నిన్ను అమ్మ తీసుకెళ్లడం మంచిదే అయింది. నన్ను క్షమించు. ఎమ్లిన్ నీకు మఫ్లరు అల్లాడట, చుట్టుకుంటూ ఉండు.

నాన్న


ఫోర్ట్ లీ
9 ఏప్రిల్

ప్రైస్ గారికి,

మీ ఉత్తరం, మా నాన్న ఉత్తరం అందాయి.

"ఎమ్లిన్ నాతో అబద్ధమాడడు." ఈ ఒక్క వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో మీకు చెప్పను. చెయ్యి మీరు చూపించారు, పేరు ఆయన పోగొట్టుకున్నాడు. అంతవరకైతే ఆయనే ఒప్పుకున్నాడు, నేను నోరు మూసుకుంటాను. కానీ ఆయన అడిగినప్పుడు "లేదు" అనడానికి మీకేం పోయేది? నాలుగ్గోడల మధ్య, ఒక్కడికి, ఒక్క మాట. పేపరువాళ్లు అక్కడ లేరు కదా! దానికీ మీకు నోరు రాలేదు. ఒకసారి బయటికి లాగినందుకు ముప్పై ఆరేళ్లు మట్టి కింద ఉంచారు ఆయన్ని.

మీ మఫ్లరు తిరిగి పంపుదామని పొట్లం కట్టాను. చుట్టుకుంటూ ఉండు అని ఆయన రాశాడు కాబట్టి విప్పాను. మీ కోసం కాదు.

ఫిల్ము పోయిన సోమవారం తగలెట్టారు. ఇక మిగిలినవి మీ సొరుగులో ఉన్న ఫోటోలే. టామ్ తల్లి ఓక్ ఫెర్రీలో ఇంకా ఉంది, కూతురి దగ్గర. ఎనభై రెండేళ్లు. నేను కనుక్కున్నాను. మా నాన్న షూ డబ్బా, ఆ మూడు ఫోటోలు తీసుకుని మీరు ఆమె దగ్గరికి వెళ్లాలి. పోస్టులో కాదు. మీ కాళ్ల మీద మీరు వెళ్లి, ఆమె ఎదురుగా కూర్చుని, మొత్తం మీ నోటితో చెప్పాలి. వెళ్లకపోతే నేను వెళ్తాను, వెళ్లి మీరు రాలేదని కూడా చెప్తాను.

టామ్ ఆ రోజు మీతో ఏమన్నాడని అడిగాను. గుర్తులేదన్నారు. అదీ అబద్ధమేనని ఇప్పుడు తెలుసు.

ఇరేనా వోయ్‌నార్


బ్లాక్ క్రీక్
30 ఏప్రిల్

ఇరేనా,

నిన్నేమని పిలవాలో తెలియక పేరే రాశాను.

పోయిన వారం ఓక్ ఫెర్రీ వెళ్లొచ్చాను. రెండు బస్సులు మారాలి. తలుపు కూతురు తీసింది. పేరు చెప్పగానే మూసేయబోయింది. లోపల్నుంచి ముసలామె "ఎవరది?" అంది. "వోయ్‌నార్ జట్టు మనిషట" అంది కూతురు. లోపల ఏమనుకున్నారో నాకు వినపడలేదు. తర్వాత తలుపు తెరుచుకుంది.

ఆమె కిటికీ పక్కన కూర్చునుంది. కళ్లు బాగానే ఉన్నాయి, పేపరు భూతద్దంతో చదువుతుంది. మొదట మీ నాన్న ఫోటో ఇచ్చాను. చూడగానే చేతిలోంచి బల్ల మీద పడేసింది. "ఈ మొహాన్ని నేను ముప్పై ఆరేళ్లు తిట్టాను, రోజూ ప్రార్థన అయ్యాక తిట్టాను, ఇప్పుడెందుకు తెచ్చావు?" అంది. వెనక బెంచీలు చూడండమ్మా, అన్నాను. భూతద్దం పెట్టి చూసింది. కెమెరామన్ కాగితం కూతురు గట్టిగా చదివి వినిపించింది. పాప పేరు అడిగితే నవ్వాడు అన్న చోట ముసలామె చెయ్యెత్తి ఆపమంది.

షూ డబ్బా ఇచ్చాను. విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని చేతులు దాని మీద ఉంచింది.

అప్పుడు నా చేతిలో మిగిలిన మూడో ఫోటో అడిగింది, టామూ నేనూ ఉన్నది. చాలాసేపు చూసింది. వాడి చెవి ఒకటి కాస్త ముందుకుంటుంది చూడు అని కూతురికి చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, "నీతో ఏదో అంటున్నాడు. ఏమన్నాడు?" అంది.

చెప్పాను. ఏ రోజూ మరిచిపోని మాట అది. టామ్ వచ్చి బ్యాటుతో నా కాలు తట్టి, "కాలెలా ఉందిరా? కావాలని కాదురా బాబూ, జారిపోయాను. ఆట అయ్యాక బీరు నాది, సరేనా?" అన్నాడు.

"నువ్వేమన్నావు?" అంది.

"ఏమీ అనలేదమ్మా. ముసుగెత్తి నవ్వాను. వాడు నమ్మి అటు తిరిగాడు. నేను కూర్చుని, తల దగ్గరికి వెయ్యమని చెవి ముట్టుకున్నాను. మూడుసార్లు."

ఆ రోజు ఆ మైదానంలో నవ్వినవాడు ఒకడున్నాడు ఇరేనా. జనం సరిగ్గానే తిట్టారు, మొహమే తప్పు. మీ నాన్న నా నవ్వు మోసుకుని పోయాడు.

ఆమె తిడుతుందని చూశాను. కూతుర్ని కత్తెర తెమ్మంది. ఆ ఫోటోని నిలువుగా, బ్యాటుకీ నా కాలికీ మధ్య నుంచి, కత్తిరించింది. టామ్ సగం తన ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. మీ నాన్న ఫోటో బల్ల మీద పడేసింది కదా, దాన్ని తీసి గౌను అంచుతో తుడిచింది. "ఇది ఆ అమ్మాయిది, తనని తలుచుకుని నవ్వాడు. పంపించు" అంది. మిగిలిన సగం నా చేతిలో పెట్టి, ఇక వెళ్లమంది.

మీ నాన్న ఫోటో ఈ కవరులో ఉంది. నా సగం గడ్డం గీసుకునే అద్దానికి గుచ్చి పెట్టాను. రోజూ పొద్దున్నే చూస్తున్నాను, వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.

ఎమ్లిన్ ప్రైస్